గోడకు చెక్కిన తలుపు

బఖూమ్ ఎఫెందీ తన తాతముత్తాతల భాష నేర్చుకోవడానికి ముందు ఫ్రెంచి నేర్చుకోవలసి వచ్చింది. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ భాష ఈజిప్టులోని అఖ్మీమ్ ఊరి చుట్టూ, మేకలు ఒళ్ళు రుద్దుకునేంత దగ్గరలో, రాళ్ళ మీదే ఉంది. దాన్ని వివరించే పుస్తకాలు మాత్రం పారిస్‌లో ఉన్నాయి.

ఆయన తండ్రి చర్చిలో పాటలు పాడే డీకన్. ఆదివారం వచ్చిందంటే తండ్రీ కొడుకులిద్దరూ గొంతు చించుకుని ఆ దేశపు క్రైస్తవుల పాత భాష అయిన కొప్తులో పాడేవారు. అర్థం ఇద్దరికీ తెలియదు. ఒకరోజు పిల్లవాడు ఉండబట్టలేక అడిగాడు.

"నాన్నా, మనం పాడుతున్నదానికి అర్థమేంటి?"

"దేవుడికి అర్థమవుతుందిగా. మధ్యలో నీకెందుకు?"

ఆ "నీకెందుకు" దగ్గరే బఖూమ్ చదువు మొదలైంది. పెద్దయ్యాక, చర్చిలో తాను పాడిన మాటలు ఫరోల కాలపు మాటలకు మనవలని కనుక్కున్నాడు. ఇక నిద్రాహారాలు మాని, మనవల నోట తాతల మాట వినడానికి కూర్చున్నాడు. కైరోలో పురావస్తువుల కార్యాలయంలో అనువాదకుడిగా చేరి, ఆ అనువాదకుడిగానే జుట్టు నెరిసి, ప్రాచీన ఈజిప్టు భాషకు ఒక మహా నిఘంటువు రాశాడు. ఈజిప్టువాడు అలాంటి పని చేయడం అదే మొదటిసారి. దాన్ని అచ్చువేసేవాడు దొరకలేదు. కట్టలు కట్టి మంచం కింద పెడితే, ఆయన భార్య వాటి మీద ఉల్లిపాయలు ఆరబోసింది.

కార్యాలయానికి పెద్ద మొస్యే గోబేర్ అనే ఫ్రెంచివాడు. దుర్మార్గుడు కాడు. బఖూమ్‌ని చూస్తే నవ్వేవాడు, పండక్కి పొగాకు ఇచ్చేవాడు. "నీకు నీ పూర్వీకుల మీద ప్రేమ ఎక్కువ బఖూమ్. ప్రేమ ఉన్నవాడు సరిగా చదవలేడు" అనేవాడు. కొత్త శాసనం మీద బఖూమ్ ఏదైనా రాసిస్తే, దానికి సాక్ష్యంగా ఆ రాయి చూపించమనేవాడు. తాను రాసినదానికి మాత్రం తానే సాక్ష్యం.

ఊళ్ళోవాళ్ళది ఇంకో దారి. పాత రాతలు చదవగలవాడికి నిధులెక్కడున్నాయో తెలుస్తుందని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. "అంత చదివి ఇంకా గాడిదెక్కి తిరుగుతున్నాడంటే, బంగారమంతా ఎక్కడో పాతిపెట్టాడన్నమాటే" అనేవారు. గోబేర్‌కి ఆయన చదవగలడంటే నమ్మకం లేదు, ఊరివాళ్ళకి నమ్మకం మరీ ఎక్కువ. ఈ రెంటి మధ్య నలుగుతూ బఖూమ్ ఎఫెందీ యాభై దాటాడు.

అప్పుడు దొరికింది ఆ తలుపు.

అఖ్మీమ్‌కి ఎగువన కొండ మొదట్లో ఉమ్ దాహీ అనే ముసలి వితంతువు ఇల్లుంది. ఇంటి వెనక గోడ కొండే. ఆ కొండలో ఒక పాత సమాధి గది. ఆమె అందులో మేకల్ని కట్టేస్తుంది. సెలవులకు వచ్చిన బఖూమ్ మజ్జిగ తాగడానికి ఆగి, మేకల వెనక గోడకు చెక్కిన రాతి తలుపు చూశాడు. ఎటూ తెరుచుకోని తలుపు అది. చనిపోయినవాడి ఆత్మ దాన్లోంచి వచ్చి భోజనం చేసి వెళుతుందని పూర్వులు అలా చెక్కించేవారు. దాని చుట్టూ వరసలు వరసలుగా రాత. అంత నిండుగా ఉన్న శాసనం ఆయన జన్మలో చూడలేదు. నిఘంటువులో గోబేర్ ఎర్రసిరాతో కొట్టేసిన మాటలు సగం అక్కడ కళ్ళెదుట నిలబడి ఉన్నాయి. మజ్జిగ మీద వొలికింది కూడా ఆయనకు తెలియలేదు.

ఎవరికి చెప్పాలి? గోబేర్‌కి చెబితే గోడను కోసి కైరో తెమ్మని రంపాలు పంపిస్తాడు. ఆ కొండరాయి గుల్ల. పక్క ఊళ్ళో అలాగే ఒక గోడను కోస్తే, కైరోకి మూడు గోతాల సున్నం చేరింది. చెప్పకుండా రాత కాపీ చేసుకుపోతే, రాయి చూపించమంటాడు. కాబట్టి ఆ గోడ ఉన్నచోటే బతికుండాలి. బఖూమ్ జీవితానికి ఉన్న ఒకే ఒక్క సాక్షి అది.

ఏటేటా సెలవుల్లో వచ్చి, మసి తుడుచుకుంటూ ఒక్కో వరసా రాసుకోవడం మొదలుపెట్టాడు. రెండో ఏడు వచ్చేసరికి తలుపు ముందు ఉమ్ దాహీ మరిది హరీదీ గడ్డపలుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తప్పుకో ఎఫెందీ, సున్నం కళ్ళల్లో పడుద్ది."

"ఏం చేస్తున్నావురా?"

"తలుపు తీస్తన్నా."

"అది తలుపు కాదురా నాయనా! వెనకంతా కొండే. ఉత్తినే చెక్కారు."

హరీదీ వదిన వైపు తిరిగాడు. "విన్నావా వదినా? గోడకి ఉత్తినే తలుపు చెక్కే వెర్రోడు ఎక్కడన్నా ఉంటాడా? తలుపుందంటే గదుంది. గదుందంటే..." అని ఆగి, నాలుకతో పెదవి తడుపుకున్నాడు.

"చచ్చినవాడి ఆత్మ దాన్లోంచి బయటికొచ్చి తింటుందని వాళ్ళ నమ్మకం."

"మరి బయటికొచ్చేవోడు లోపలెక్కడో ఉండాలిగా! రాయిలో ఉంటాడా? గదిలో ఉంటాడు!"

దీనికి జవాబు పారిస్ పుస్తకాల్లో కూడా లేదు.

"ఏం రాసుందో నువ్వే చెప్పు నాయనా" అంది ఉమ్ దాహీ.

బఖూమ్ ఉన్నదున్నట్టు చదివాడు. "ఈ దారిన పోయే బతికున్నవాళ్ళారా, నాకు రొట్టె పెట్టండి, బీరు పొయ్యండి అంటున్నాడు పిన్నీ. అంతే. బంగారం మాటే లేదు."

హరీదీ పగలబడి నవ్వాడు. "ఇంత కొండ తొలిపించుకున్నోడు అడుక్కుతింటన్నాడా? ఎఫెందీ, నువ్వు చదవలేక కాదు, దాస్తన్నావు."

గడ్డపలుగు పైకి లేచింది. బఖూమ్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గానీ, గడ్డపలుగు అంత నిలకడగా ఆగే వస్తువు కాదు.

"సరే!" అని అరిచాడు. "దాచాను. లోపల ఉన్నది ఉంది. కాపలా కూడా ఉంది. రాసింది చెప్పకూడదని దాచాను."

పలుగు దిగింది. మేకలు కూడా నమలడం ఆపినట్టనిపించింది. మోసగాళ్ళు చెప్పే మాటలంటే ఒళ్ళు మండిపోయే బఖూమ్ ఎఫెందీ, వాళ్ళలాగే గొంతు తగ్గించి, గోడ మీద వేలు పెట్టి, లేని వాక్యాన్ని వరసగా చదివాడు. "ఈ తలుపు మీద ఇనుము ఎత్తినవాడి గేదె పాలు ఎండిపోతాయి."

"నాకు గేదె లేదుగా" అన్నాడు హరీదీ.

హరీదీ ఈమధ్యనే రెండో పెళ్ళి చేసుకున్నాడు. బఖూమ్ వేలు కింది వరసకు దిగింది. "గేదె లేనివాడికి నడుము పడిపోతుంది. పెళ్ళానికి మొహం చూపించలేడు."

పలుగు మూలకు చేరింది. అయినా హరీదీ చూపు దాని మీంచి మళ్ళలేదు. అందుకే బఖూమ్ ఇంకొంచెం కలిపాడు. "ప్రతి గురువారం రొట్టె పెట్టి శాంతింపజేస్తూ ఉంటే, ఎప్పటికైనా లోపలివాడు తానే తలుపు తీస్తాడట."

గురువారం ఎలాగూ ఆడవాళ్ళు శ్మశానానికి రొట్టెలు తీసుకెళ్ళి, తమ చనిపోయినవాళ్ళ పేర పంచుతారు. ఉమ్ దాహీకి అది కొత్త కాదు. ఆమె బాధ వేరే. "రొట్టె పెడతా సరే. బీరేంటి నాయనా? మా ముసల్మానుల ఇంట్లోనా? అస్తగ్‌ఫిరుల్లాహ్!"

"చెరకుపాకం పెట్టు పిన్నీ. అదీ ఒప్పుకుంటాడు."

అలా నాలుగు వేల ఏళ్ళుగా ఆకలితో ఉన్నవాడికి భోజనం మొదలైంది. నిజం చెప్పినంతసేపూ ఒక్క ముక్క పుట్టలేదు. అబద్ధం ఆడగానే ఎండలో పొంగిన గుండ్రటి రొట్టెలు వారం వారం వచ్చిపడ్డాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా పళ్ళేలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఆ ఏడు గోడ మీద గీత కూడా పడలేదు.

మూడేళ్ళు గడిచాయి. ఒక గురువారం మొస్యే గోబేర్ అటుగా గుర్రం మీద వెళుతూ ఆ పళ్ళేలు చూశాడు. రంపాల ఊసే ఎత్తలేదు. పరుగు పరుగున కైరో వచ్చి, నలభై పేజీల వ్యాసం రాశాడు. ఫరోల కాలం నుంచి ఒక్క వారం కూడా తప్పకుండా నడుస్తున్న నైవేద్యం! బీరు స్థానంలో చెరకుపాకం ఎలా వచ్చిందన్న దానికే ఎనిమిది పేజీలు. ఇస్లాం వచ్చాక మద్యం మాని పాకం మొదలుపెట్టి ఉంటారని తేల్చాడు. విచిత్రమేమిటంటే, ఆ ఒక్క మాటా నిజమే. శాసనాన్ని మాత్రం పై నుంచి కింది దాకా తప్పులతడకగా చదివాడు.

పండితుల సభలో వ్యాసం చదివాడు. బఖూమ్ చివరి వరసలో కూర్చుని విన్నాడు. చప్పట్లయ్యాక ఒక ముసలి జర్మను పండితుడు లేచాడు. తనకు అరబ్బీ వచ్చని పదిమందికీ తెలియాలని ఆయన సరదా. నేరుగా బఖూమ్ వైపు తిరిగి అరబ్బీలో అడిగాడు.

"మీది ఆ ఊరేగా? ఈ ఆచారం నిజంగా పాతదేనా? నాకెందుకో అనుమానంగా ఉంది."

గదిలోని తలలన్నీ వెనక్కి తిరిగాయి. ముప్పై ఏళ్ళలో బఖూమ్‌ని ఎవరైనా ఒక విషయం అడగడం అదే మొదటిసారి. నోరు తెరిస్తే చాలు. ఆచారం వయసు మూడేళ్ళని, దాన్ని పుట్టించింది తానేనని, శాసనంలో ఉన్నది ఇదీ అని సరిగా చదివి వినిపిస్తే, నలభై పేజీలూ గాలికి పోతాయి. నిఘంటువు ఉల్లిపాయల కింద నుంచి బయటికొస్తుంది. నాలుక చివరి దాకా వచ్చింది మాట.

కాఫీ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ బంట్రోతు, హరీదీ బావమరిది. ఈ కొలువు అతనికి బఖూమే వేయించాడు. అతనికి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. అరబ్బీ మాత్రం చెవులు రిక్కించి వింటున్నాడు. ఇక్కడ అన్న మాట రాత్రి రైలెక్కి అఖ్మీమ్‌లో దిగుతుంది. తెల్లారేసరికి పలుగు మూల నుంచి లేస్తుంది.

"పాతదే అయ్యా" అన్నాడు బఖూమ్. "మా నాయనమ్మ కూడా పెట్టేది."

సభ హర్షించింది. గోబేర్ వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. మరుసటి నెల బఖూమ్ ఎఫెందీని పండితుల సంఘంలో సభ్యుడిగా తీసుకున్నారు. భాషల శాఖలో కాదు, పల్లెల మూఢనమ్మకాల శాఖలో. ఆయన ఇంటికి వెళ్ళి, తలుపేసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు రాసుకోవడానికి ఒక్క వరస మాత్రమే మిగిలి ఉంది. అన్నిటికంటే కిందది. మేకలు రాసుకుని రాసుకుని నల్లగా మడ్డికట్టుకుపోయింది. గోబేర్ దాన్ని 'చెడిపోయింది' అని రాసి వదిలేశాడు. బఖూమ్ మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో తుడుస్తుంటే, ఉమ్ దాహీ రొట్టె పట్టుకుని వచ్చింది. గురువారం.

"వచ్చావా నాయనా? నీకోసమే చూస్తున్నా. ఈ తలుపు వెనకాయన్ని ఒక మాట అడిగిపెట్టు. గోధుమలు మండిపోతున్నాయి, ఈ ముసలిదాని వల్ల కావడం లేదు. జొన్నరొట్టె పెడితే కోప్పడతాడా?"

బఖూమ్ తుడుస్తూనే ఉన్నాడు. అక్షరాలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. మొత్తం తేలాక, ఆ అబద్ధం ఆడాక మొదటిసారి, ఆ గదిలో నిఖార్సయిన నిజాన్ని గట్టిగా చదివాడు.

"పిన్నీ, విను. చేతిలో ఏమీ లేకపోతే బాధపడకండి అంటున్నాడు. 'వెయ్యి రొట్టెలు నీకు' అని నోటితో అంటే చాలునట. నోటి ఊపిరే కదా, ఖర్చు లేదు, అలుపు లేదు. అదే నా కడుపు నింపుతుంది అంటున్నాడు. ఇక నువ్వు ఏమీ పెట్టనక్కర్లేదు."

ఉమ్ దాహీ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు మంచివాడివి నాయనా. నా అవస్థ చూడలేక అంటున్నావు. పాలెండిపోవడం, నడుము పడిపోవడం, తలుపు తానే తియ్యడం, నువ్వు చదివిందంతా నిజమే, నేనెప్పుడైనా కాదన్నానా? ఇది మాత్రం నువ్వు కల్పించావు. ఆకలైనవాడు ఎక్కడన్నా ఉత్తమాటతో సరిపెట్టుకుంటాడా?"

"ఒట్టు పిన్నీ. అక్షరం అక్షరం ఇదే ఉంది."

"ఊరుకో. చచ్చినవాళ్ళ మీద అబద్ధాలాడితే కళ్ళు పోతాయి" అని, ఆవిడ వంగి, గోధుమ రొట్టెను తలుపు ముందు పెట్టింది.