కోర్టు ముందు శుక్రవారాలు

మార్చి చివర్లో వైశాలి నుంచి వచ్చిన మెసేజ్‌లో ఉన్నవి రెండే మాటలు. నీనాను ఈ వారం పంపడం లేదని, కరోనా తగ్గాక చూద్దామని. శశాంక్ సరేనని జవాబిచ్చాడు. అప్పటికి రైళ్ళలో మనుషులే లేరు, జర్మనీ అంతా తలుపులు వేసుకుని కూర్చుంది. ఏడేళ్ళ పిల్లను తల్లి ఉండే ఎర్లాంగెన్ దగ్గరి ఊరి నుంచి తనుండే స్టుట్‌గార్ట్ దాకా తిప్పడం అతనికీ ఇష్టం లేకపోయింది.

విడాకులై రెండేళ్ళయింది. రెండు వారాలకొకసారి శనివారం పొద్దున్నుంచి ఆదివారం సాయంత్రం దాకా నీనా తండ్రి దగ్గర ఉండాలని కోర్టు రాసిచ్చింది. శశాంక్ ఆ శనివారాల్లో ఒక్కటీ పోగొట్టుకోలేదు. తెల్లారకముందే రైలెక్కి వెళ్ళి పిల్లను తెచ్చుకునేవాడు. ఆదివారం మళ్ళీ దింపి వచ్చేవాడు.

ఏప్రిల్ పోయింది. మే వచ్చేసరికి మంగలి షాపులు తెరిచారు. నీనా బడికి కూడా వెళ్ళసాగింది. పదిహేను మంది పిల్లలతో ఒకే గదిలో కూర్చుంటోంది కానీ, తండ్రి ఇంటికి మాత్రం రాకూడదు. బుధవారం బుధవారం పావుగంట వీడియో కాల్. ఒక బుధవారం నీనా నవ్వితే పైవరసలో పన్ను లేదు. ఎప్పుడు ఊడిందని అడిగితే, చాలా రోజులైందని జర్మన్‌లో చెప్పింది. అదివరకు తండ్రితో తెలుగులోనే మాట్లాడే పిల్ల. ఫోన్ పెట్టేశాక శశాంక్ వంటింట్లో నిలబడే ఉండిపోయాడు.

శనివారాలు మళ్ళీ ఇప్పించమని, వీలైతే చెరిసగం రోజులు ఇమ్మని శశాంక్ లాయరు కోర్టుకు రాశాడు. జూన్‌లో ఇచ్చిన విచారణ తేదీ వాయిదా పడింది. తర్వాతిదీ వాయిదా పడింది. పిల్లల సంక్షేమ శాఖకు ఫోన్ చేస్తే, ఓపిక పట్టమని ఒకావిడ మర్యాదగానే చెప్పింది. ఎంతకాలమని అడిగితే, అది కోర్టు చెప్పాలంది.

ఆ రోజుల్లోనే అతనికి హోల్గర్ పరిచయమయ్యాడు. ఇద్దరు పిల్లల తండ్రి, సిటీ బస్సు నడుపుతాడు. ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో అతను నడిపే మీటింగ్‌కు ఇరవై ముప్పై మంది తండ్రులు వచ్చేవారు. విడిపోయాక కూడా అమ్మ ఇల్లు, నాన్న ఇల్లు రెండూ పిల్లల ఇళ్ళేనని చట్టం మొదటినుంచీ ఒప్పుకోవాలన్నది వాళ్ళ కోరిక. ఇప్పుడున్న పద్ధతిలో ఒకటి ఇల్లు, రెండోది చుట్టపుచూపు. చుట్టాన్ని ఎప్పుడైనా రావద్దనొచ్చు. ఆ మాట శశాంక్ గుండెకు తగిలింది.

ఎర్లాంగెన్ కోర్టు ముందు నిలబడదామని హోల్గర్ అన్నాడు. ఎవరి పేరు మీద అనుమతి అడగాలన్న ప్రశ్న వచ్చేసరికి అందరూ కెమెరాలు ఆపేశారు. కేసు నడుస్తున్నవాడెవడూ కోర్టు గుమ్మం ముందు తన పేరు రాసుకోవాలనుకోడు. శశాంక్ కేసూ అదే కోర్టులో ఉంది. అయినా తన పేరు రాసుకోమన్నాడు. కంపెనీలో పని తగ్గించి శుక్రవారాలు సెలవిచ్చారు కాబట్టి శుక్రవారమే ఖాయమైంది.

ఆ సంగతి ఎలా పాకిందో, తెలుగు సంఘం పెద్ద వాసుదేవరావు మర్నాడే ఫోన్ చేశాడు.

"శశాంక్ గారూ, మీ బాధ నాకు అర్థమవుతుందండీ. కానీ మనం బ్లూ కార్డు వీసా మీద బతికేవాళ్ళం. వీధిలో బోర్డు పట్టుకుంటే రేపు పర్మనెంట్ రెసిడెన్సీకి ఇబ్బంది రాదూ? పైగా ఇంటి గొడవ. సంఘం పేరు కూడా పోతుంది."

అనుమతి తీసుకుని నిలబడితే ఏ ఇబ్బందీ లేదని లాయరును అడిగే తెలుసుకున్నానని శశాంక్ చెప్పాడు. వాసుదేవరావు ఇంకా ఏదో నచ్చజెప్పబోయాడు.

"సార్, నా బిడ్డను చూసి పద్నాలుగు వారాలైంది. సంఘం పేరు సంగతి మీరు చూసుకోండి. నా బిడ్డ సంగతి నేను చూసుకుంట," అని శశాంక్ ఫోన్ పెట్టేశాడు.

మొదటి శుక్రవారం తొమ్మిది మంది వచ్చారు. మాస్కులు కట్టుకుని, మనిషికీ మనిషికీ మధ్య ఒకటిన్నర మీటరు దూరంలో సుద్దతో గీసిన గుర్తుల మీద నిలబడ్డారు. 'పిల్లలకు రెండిళ్ళూ ఇళ్ళే' అని జర్మన్‌లో రాసిన అట్ట శశాంక్ చేతిలో ఉంది. ఇద్దరు పోలీసులు దూరంగా కారులో కూర్చుని చూస్తున్నారు.

పదిన్నరకు ఒక ముసలాయన మడత కుర్చీ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. ఖాళీ గుర్తు చూసుకుని కుర్చీ వేసుకున్నాడు. ఎర్లాంగెన్‌లో ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా చేసి రిటైరైన అనంతరామ్ ఆయన. డెబ్బై ఎనిమిదేళ్ళవాడు ఈ రోజుల్లో బయటికి రావచ్చునా అని శశాంక్ కంగారుపడ్డాడు.

"మా వాసుదేవరావు నీకు బుద్ధి చెప్పమని పంపాడయ్యా నన్ను," అన్నాడు అనంతరామ్. "చెప్పడానికే వచ్చాను. పంతొమ్మిది వందల డెబ్బైల్లో నాకూ ఒక కొడుకు ఉండేవాడు, జర్మన్ భార్యకు పుట్టినవాడు. మేం విడిపోతే, పిల్లాడు తల్లికే అన్నారు. పరాయి దేశం, ఉద్యోగం, ఎందుకొచ్చిన గొడవని ఊరుకున్నాను. పద్దెనిమిదేళ్ళు నిండాక వాడొచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, మీరెలా ఉన్నారండీ అని అడిగాడు. ఊరుకోవద్దు. అదే నేను చెప్పే బుద్ధి."

శశాంక్ వంగి అట్టల్లోంచి ఒకటి తీశాడు. దాన్ని ఆయన చేతికి ఇచ్చాడు.

రెండో శుక్రవారం రచ్చయింది. కొత్తగా వచ్చిన నలుగురు పెద్ద బ్యానరు విప్పారు. తల్లులు పిల్లల దొంగలని ఉంది దాని మీద. శశాంక్ దాన్ని చూసి నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళి దించమన్నాడు. వాళ్ళు నవ్వారు. ఎవడివి నువ్వు మాకు చెప్పడానికని ఒకడు అడిగాడు. ఈ సభ నా పేరు మీద ఉంది, దీనికి బాధ్యుణ్ణి నేను, నా కూతురి తల్లిని దొంగ అనే గుడ్డ కింద నేను నిలబడనని శశాంక్ అన్నాడు. దించకపోతే తానే సభ ముగించి పోలీసులకు చెబుతానన్నాడు. చివరికి హోల్గర్ వచ్చి బ్యానరు మడిచాడు. ఆ నలుగురూ వెళ్ళిపోయారు. వాళ్ళతో పాటు మొదటివారం వచ్చినవాళ్ళలో ముగ్గురు కూడా వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మధ్యాహ్నం దాకా నిలబడ్డారు.

మూడో శుక్రవారం వైశాలే వచ్చింది. సైకిల్ దిగకుండా, మాస్కు కిందికి లాగి అతన్ని చూసింది.

"నేను దొంగనా?"

"ఆ బ్యానరు దించింది నేనే. ఫోటో పంపినోళ్ళు ఆ ముచ్చట చెప్పలేదా?"

ఆమె బ్యానరు మాట వదిలేసింది. గొంతు తగ్గించి, నీనాకు మూడేళ్ళప్పుడు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పన్నెండు రోజులున్న సంగతి ఎత్తింది. "రాత్రంతా దాని ఊపిరి లెక్కపెట్టిన. నువ్వు ప్రాజెక్టు అని ఒక్క ఆదివారం వచ్చినవ్. గిప్పుడు వచ్చి బోర్డు పట్టుకుంటే నేనెట్ల నమ్మాలె?"

అందులో అబద్ధం లేదు. శశాంక్ దాన్ని కాదనలేదు.

"అప్పుడు రాకపోవడం నా తప్పే. అది ఎన్నిసార్లయినా ఒప్పుకుంట. నీ భయం కూడా నిజమే. టెస్టు చేయించుకోమంటే చేయించుకుంట, రైలొద్దంటే కారు తెస్త. కానీ నీ భయం పోయేదాక నా బిడ్డ నాకు లేకుండ ఉండాలంటే ఒప్పుకోను వైశాలీ. అది పోయే రోజు నీకూ తెల్వదు."

వైశాలి సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయింది.

పది రోజులకు ఆమె లాయరు నుంచి రాజీ కాగితం వచ్చింది. వచ్చే శనివారం నుంచే నీనాను పంపుతారు. పోయిన వారాలకు బదులుగా వేసవి సెలవుల్లో రెండు వారాలు అదనంగా ఇస్తారు. చివర్న ఒక షరతు ఉంది. శశాంక్ ఇకమీదట కోర్టు ముందు గానీ మరెక్కడ గానీ ఇలాంటి నిరసనల్లో పాల్గొనకూడదు.

సంతకం పెట్టమని అతని లాయరు గట్టిగా చెప్పాడు. పెట్టకపోతే ఇంకో నెల ఆగాలి, జడ్జికి కూడా మొండివాడిలా కనిపిస్తావన్నాడు. శశాంక్ ఆ కాగితాన్ని రెండు రోజులు బల్ల మీదే ఉంచుకున్నాడు. శనివారానికి నీనా వచ్చేస్తుంది. ఆ ఒక్క ఆలోచనకే చెయ్యి పెన్ను మీదికి పోయేది. రెండోరోజు సాయంత్రం హోల్గర్‌కు ఫోన్ చేశాడు. హోల్గర్ సంతకం పెట్టమనే అన్నాడు, ఎవరూ తప్పు పట్టరన్నాడు. అది విన్నాకే శశాంక్‌కు తన మనసు తెలిసింది. కోర్టు ఇదివరకే ఇచ్చిన శనివారాలవి. వాటిని తన నోరు అమ్మి మళ్ళీ కొనుక్కోమంటున్నారు. రేపు ఇంకోసారి పంపనంటే ఏ నోటితో అడగాలి?

షరతు కొట్టేసి, మిగతాదంతా ఒప్పుకుంటూ సంతకం చేసి పంపాడు. అవతలివాళ్ళు ఒప్పుకోలేదు. ఆ నెలంతా పావుగంట కాల్సే మిగిలాయి. ఆ నెలలో వచ్చిన ప్రతి శనివారం పొద్దున తను మూర్ఖుడినేమోనని అతనికి అనిపించింది. ప్రతి శుక్రవారం మాత్రం వెళ్ళి నిలబడ్డాడు.

ఆగస్టులో విచారణ జరిగింది. జడ్జి ఒక నడివయసు స్త్రీ. కిటికీలన్నీ తెరిపించి, ప్లాస్టిక్ అద్దం వెనక కూర్చుంది. మీరే కదా కింద నిలబడేదని అడిగింది. అవునన్నాడు. ఈరోజు తీర్పు మీకు అనుకూలంగా వస్తే మానేస్తారా అని అడిగింది. లాయరు బల్ల కింద అతని కాలు తొక్కాడు.

"లేదండీ," అన్నాడు శశాంక్ తనకు వచ్చిన జర్మన్‌లో. "నా కూతురి కోసం మీ దగ్గరికి వచ్చాను. చట్టం కోసం వీధిలో నిలబడుతున్నాను. మొదటిది మీరు ఇవ్వగలరు. రెండోది మీ చేతిలో లేదు."

జడ్జి ఏదో రాసుకుంది. పౌరుడు వీధిలో ఏం అడుగుతాడన్నది ఈ కేసుకు సంబంధం లేని విషయమని, ఆ షరతు తన ముందుకు తేవద్దని వైశాలి లాయరుతో చెప్పింది. పాత శనివారాలు వెంటనే మొదలవ్వాలంది. పోయినవాటిలో సగానికి బదులు రోజులు ఇచ్చింది. నీనా రెండిళ్ళలోనూ చెరిసగం రోజులు ఉండాలన్న శశాంక్ కోరికను మాత్రం కొట్టేసింది. వైశాలి కళ్ళు తుడుచుకోవడం అతను చూశాడు. గెలిచినట్టు అనిపించలేదు. నీనాను కారులో తీసుకెళ్తానని, చేరగానే ఫోన్ చేయిస్తానని బయట ఆమెకు చెప్పాడు. ఆమె తలూపింది.

ఆ శనివారం నీనా కారులో వెనక కూర్చుని చాలాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత, ఇన్ని రోజులు ఎందుకు రాలేదని జర్మన్‌లో అడిగింది. అమ్మకు భయమేసిందని, తను రోజూ అడిగానని, అడిగితే చాలలేదు కాబట్టి వీధిలో నిలబడి అడిగానని శశాంక్ తెలుగులో చెప్పాడు. వానొస్తే ఏం చేశావంది. తడిశానన్నాడు. పిల్ల దాని గురించి ఆలోచించింది.

"ఇంకా నిలబడతావా నాన్నా?" ఈసారి తెలుగులోనే అడిగింది.

"నిలబడత బిడ్డా. నువ్వు రాని వారాల్లో."