నిండుగా తిరిగొచ్చే సీసా

ఆ ఇల్లాలు రోజూ పొద్దున్నే ఇంట్లో అందరికీ మంచినీళ్ల సీసాలు నింపేది. భర్తకొకటి, మరిదికొకటి, బడికి వెళ్లే కూతురికొకటి, చివర తనకొకటి. సాయంత్రానికి ముగ్గురి సీసాలూ ఖాళీగా తిరిగొచ్చేవి. ఆమెది మాత్రం పొద్దున ఎలా వెళ్లిందో అలాగే వచ్చేది. ఆ నీళ్లే గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టి వంటపనిలో పడేది. ఇంట్లోవాళ్లు అది చూస్తూనే ఉన్నారు. చూసి ఏమనుకున్నారు? ఏమీ అనుకోలేదు. ఆడమనిషి దాహం ఎవరి కంటికీ ఆనదు కదా! ఈ మాటకు పాఠకులకు కోపం వస్తే రానివ్వండి. నిన్న మీ ఇంట్లో ఎవరు ఎన్ని నీళ్లు తాగారో మీకు తెలుసా?

మరిది పిలిచినట్టే మనమూ ఆమెను వదిన అందాం. ఆమె, మరిది ఒకే బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆమె కింది అంతస్తులో చొక్కాలకు కాలర్లు కుట్టేది. అతను పై అంతస్తులో, ఏసీ గదిలో, ఉద్యోగుల కోసం నెలనెలా వచ్చే పత్రిక రాసేవాడు. ఒక నెల కళ్ల మాసం, ఒక నెల గుండె మాసం, ఇంకో నెల అగ్నిప్రమాదాల మాసం. నెలకో అంశం, అంశానికో నినాదం, నినాదం పక్కన నవ్వుతున్న బొమ్మ. గుండెకు ఒక్క నెల ఇచ్చి, మిగతా పదకొండు నెలలూ దాని మానాన దాన్ని వదిలేసే ఏర్పాటు అది. అతను అబద్ధాలు రాశాడని నేననను. నిజమే రాసేవాడు. ఎవరికీ ఉపయోగపడకుండా జాగ్రత్తగా రాసేవాడు.

కుట్టు హాలులో వరసకు నలభై మంది ఆడవాళ్లు. వరసకు ఒక్క చెక్కబిళ్ల. అది సూపర్‌వైజర్ కుర్చీ వెనక మేకుకు వేలాడుతుంది. మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఆ బిళ్ల అడిగి పట్టుకెళ్లాలి. అది తిరిగి మేకెక్కేదాకా ఇంకొకరు లేవకూడదు. లేచినవాళ్ల పని తగ్గితే వరస మొత్తానికీ చివాట్లు. అందుకని బిళ్ల ముట్టుకున్న మనిషిని సూపర్‌వైజర్ కన్నా ముందు తోటివాళ్లే కరిచేవాళ్లు. అందరికంటే గట్టిగా కరిచేది మన వదినే.

"మళ్లీ లేచావా? పొద్దున రెండు టీలు పోసుకొచ్చావా ఏం?" అని పక్క మిషను మీద గుండీలు కుట్టే ఆమె మీద ఒంటికాలి మీద లేచేది.

"నీలా నేను ఒంటెను కాదమ్మా, మనిషిని," అనేది గుండీలామె.

"మనిషివైతే పని మీద కూర్చో. ఇన్నేళ్లలో నేను ఆ బిళ్ల ముట్టుకోవడం ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. అదే ఆమె గొప్ప. హాలంతా 'ఒంటె' అని వెక్కిరిస్తే అదో బిరుదనుకుని మురిసిపోయింది. అంతకుముందు ఏడు సమయపాలన మాసంలో మరిది ఆమె ఫోటో వేసి, కింద 'సీటు వదలని ఆదర్శ కార్మికురాలు' అని రాశాడు. ఆ కాగితాన్ని ఇంట్లో గోడకు అతికించుకున్నారు.

ఎండలు ముదిరాయి. నీళ్ల మాసం వచ్చింది. మరిది భోజనాల దగ్గర తను రాసింది చదివి వినిపించాడు. "దాహం వేసేదాకా ఆగకండి. గంటకో గ్లాసు తాగండి."

"ఏడ్చినట్టుంది," అంది వదిన. "గంటకో గ్లాసు తాగితే గంటకోసారి లేవాలి. పోయినేడు లేవకపోతే ఆదర్శం అన్నావు. ఈ ఏడు తాగమంటున్నావు. నీకసలు మతి ఉందా?"

"అది వేరే మాసం వదినా."

"నా ఒళ్లు ఒక్కటే కదయ్యా! మాసానికోటి తొడుక్కోమంటావా?"

అన్నగారు తలెత్తకుండానే, "తిండి దగ్గర గొడవెందుకు?" అన్నాడు. నిజం బయటికొచ్చే సమయానికి ఈ మాట అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు.

కంపెనీ అందరికీ నీలం రంగు సీసాలు పంచింది. పని ముగిసే వేళ మరిది కిందికి దిగి, వదిన వరసలో మిషన్ల మీద బారుగా ఉన్న సీసాలను ఫోటో తీశాడు. అన్నీ మెడదాకా నిండి తళతళలాడుతున్నాయి. ఫోటో చూసి మేనేజరు అతని భుజం తట్టాడు. పొద్దుటి నుంచి చెమటలు కక్కుతూ కుట్టిన నలభై మంది ముందు నలభై నిండు సీసాలు ఎందుకున్నాయో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ వారంలోనే వదిన మిషను మీద ఒరిగిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. నడుం పట్టుకుని మెలికలు తిరుగుతోంది. మరిది, గుండీలామె కలిసి ఆస్పత్రికి తీసుకెళ్లారు. పరీక్షల రిపోర్టులు చూసి డాక్టరమ్మ మండిపడింది.

"నీళ్లు తాగరు. వస్తే ఆపుకుంటారు. ఏళ్ల తరబడి ఇదే పని చేసినట్టున్నారు. ఒక కిడ్నీ దాదాపు పాడైపోయింది. రెండోదైనా దక్కాలంటే ఇవాళ్టి నుంచి సరిగ్గా తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్లాలి. చెప్పేవాళ్లే లేరా మీకు?"

గుండీలామె ఊరుకోలేదు.

"ఎందుకు లేరండీ? ఇదిగో, ఈయనే. నెలనెలా చెప్తాడు. మొన్న సాయంత్రం మా సీసాల ఫోటో కూడా తీశాడు. ఏం బాబూ, ఒక్క సీసాలోనైనా చుక్క తగ్గిందా? అంత కెమెరా పట్టుకుని అది చూడలేకపోయావా?"

వదిన గోడవైపు తిరిగి ఏడ్చింది. "అతన్నొక్కణ్నే అంటావేం? నువ్వు లేచినప్పుడల్లా తిట్టింది నేను. బిళ్ల ముట్టుకోనని విర్రవీగింది నేను," అంది.

గుండీలామె ఓదార్చలేదు. "అవును, తిట్టావు. ముందు నీకు నయం కానీ, ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం," అంది.

మర్నాడు మరిది మేనేజరు గదికెళ్లి, బిళ్లలు తీసేయమని అడిగాడు.

"తీసేస్తే అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు," అన్నాడు మేనేజరు. ఇంతలో ఏదో తట్టి అతని మొహం వెలిగింది. "వచ్చే నెల కిడ్నీల మాసం పెట్టు. మీ వదినగారి చేతే ప్రారంభిద్దాం. సీసా పట్టుకుని రెండు ముక్కలు మాట్లాడమను. బ్రహ్మాండంగా ఉంటుంది."

సిగ్గున్నవాడైతే చేతిలోని పత్రిక కాగితాలు అక్కడే విసిరికొట్టేవాడు. మన మరిది 'సరే సార్' అని ఇంటికొచ్చి, తల దించుకుని వదినకు చెప్పాడు. చీల్చి చెండాడుతుందనుకున్నాడు.

"వస్తానని చెప్పు," అందామె. "ఈలోగా గుండీలామెను ఒకసారి ఇంటికి రమ్మను."

ఆమె కోలుకుని పనిలోకి వచ్చిన రోజునే కుట్టు హాలులో సభ పెట్టారు. వదిన సీసా పట్టుకుని వేదిక మీద నిలబడింది.

"మేనేజరుగారు తాగమన్నారు. పత్రికలో మా మరిదీ తాగమన్నాడు. ఇంతమంది చెప్పాక వినకపోతే బాగుండదు," అని సీసా ఎత్తి గడగడా తాగేసింది. హాలులో ఆడవాళ్లందరూ లేచి తమ సీసాలు ఎత్తారు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. మరిది ఫోటోలు తీశాడు. ఆడవాళ్లు మళ్లీ సీసాలు నింపుకుని మిషన్ల దగ్గరికెళ్లి, కుడుతూ తాగారు, తాగుతూ కుట్టారు.

గంట గడిచింది. వదిన లేచి సూపర్‌వైజర్ ముందుకెళ్లి బిళ్ల అడిగింది. ఆమె వెనక గుండీలామె. ఆమె వెనక వరస మొత్తం. పక్క వరసల్లోనూ అదే తంతు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సూపర్‌వైజర్ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మేనేజరు పరుగున దిగొచ్చి, "ఏంటిది? సమ్మెనా?" అని అరిచాడు.

"సమ్మె ఏంటండీ? మీ పత్రిక చెప్పినట్టే నడుచుకుంటున్నాం," అంది గుండీలామె.

"అయితే ఒక్కొక్కరే వెళ్లండి!"

"అలాగే. నిలబడతాం."

నిలబడ్డారు. పని ముగిసేదాకా ఆ వరసలు అలాగే నత్తనడక నడిచాయి. లారీ ఎక్కాల్సిన చొక్కాలు లారీ ఎక్కలేదు. మేనేజరు మరిది మీద విరుచుకుపడ్డాడు. "మీ ఇంటి మనిషే కదా, చెప్పవయ్యా!"

అప్పటికి అతనికి నోరు పెగిలింది. "వాళ్లు చేస్తున్నది నేను రాసిందే సార్. తప్పైతే నన్ను పంపించెయ్యండి," అన్నాడు. పంపించేశారు.

బిళ్లలు మర్నాడే మేకుల మీంచి మాయమయ్యాయి. మేనేజరుకు జ్ఞానోదయం అయిందనుకోకండి. ఇంకో రోజు లారీలు ఆగితే తన కుర్చీకి ఎసరొస్తుందని భయపడ్డాడు, అంతే. వదిన చెడిపోయిన కిడ్నీ మాత్రం బాగుపడలేదు. బాగుపడిందని రాసి మిమ్మల్ని సంతోషపెట్టడం నాకు చేతకాదు. ఆమె ఇప్పుడూ కాలర్లు కుడుతోంది. గుండీలామెతో పోట్లాటలూ మానలేదు, కానీ అవి లేచి వెళ్లడం గురించి కాదు.

పత్రికకు కొత్తగా వచ్చినాయన ఒకరోజు ఆమె దగ్గరికొచ్చాడు. వచ్చే నెల అంశం మీద ఒక సందేశం చెప్పమన్నాడు. నవ్వుతున్న ఫోటో కూడా ఒకటి కావాలన్నాడు. వదిన నవ్వలేదు. మిషను ఆపి అతనివైపు తిరిగింది.

"రాసుకో. సీటు వదలకపోవడం గొప్ప అనుకున్నాను. అది వట్టి భయం. ఆ భయంతో నా ఒళ్లు పాడుచేసుకుని, పక్కవాళ్లనీ కాల్చుకుతిన్నాను. ఇంకో ముక్క మీ మేనేజరుగారికి. మమ్మల్ని ఇలాగే లేచి వెళ్లనివ్వండి చాలు, నీళ్లు మేమే తాగుతాం."