మూడో తరగతి గోడ మీద నా చావు

నేను పోయిన సంగతి మొదట నాకు బడి వాచ్‌మన్ చెప్పాడు. సాయంత్రం గేటు దగ్గర నన్ను చూడగానే టీ గ్లాసు పట్టుకునే లేచి నిలబడ్డాడు. ముందు నా పాదాలకేసి చూశాడు. అవి ముందుకే తిరిగి ఉన్నాయని నమ్మకం కుదిరాక నోరు విప్పాడు.

“మీరు పిడుగు అమ్మమ్మేనా అండీ?”

“రోజూ చూస్తూనే ఉన్నావు కదయ్యా, ఇవాళ కొత్తగా ఏం వచ్చింది?”

“అదే... మీరు పోయారటగా. మధ్యాహ్నం మూడో తరగతి పిల్లలంతా మీ కోసం లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.”

పిడుగు మా అమ్మాయి కూతురు. దాన్ని బడికి దింపడం, మళ్ళీ తీసుకెళ్ళడం నా పని. అందరిలా దింపేసి వెళ్ళిపోవడం నాకు చేతకాదు. ఇంట్లో కూడా అంతే. మా అల్లుడు ఉల్లిపాయలకి వెళ్తున్నా, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తాను. “అత్తయ్యా, నేను యుద్ధానికి పోవడం లేదు” అంటాడు. మా ఆయన కూడా యుద్ధానికేం పోలేదు. గడ్డం గీయించుకొస్తానని వెళ్ళాడు. సగం గీసిన గడ్డంతో నలుగురూ మోసుకొచ్చారు. వెళ్ళేటప్పుడు వెనక్కి కూడా చూడలేదు మహానుభావుడు.

వాచ్‌మన్‌ని వదిలేసి నేరుగా మూడో తరగతి గదిలోకి వెళ్ళాను. పిల్లలు అప్పటికే బయటికి పరుగులు తీస్తున్నారు. టీచరమ్మ బోర్డు తుడుస్తోంది. నన్ను చూసి డస్టర్ జారవిడిచింది. రోజూ గేటు దగ్గర నిలబడే మనిషిని ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు కానీ, పిడుగు ముక్కూ నా ముక్కూ ఒక అచ్చులో పోసినట్టుంటాయి.

“మీరు...”

“నేనేనమ్మా. ఎక్కడ పోయానో చూసి వెళ్దామని వచ్చాను.”

ఆవిడ గోడకేసి వేలు చూపించింది. పిల్లలు రాసిన కాగితాలు వరసగా అంటించి ఉన్నాయి. నాకు అక్షరాలు బడి నేర్పలేదు. పొట్లాల కాగితాలూ దుకాణాల బోర్డులూ నేర్పాయి. కూడబలుక్కుని చదువుతాను కాబట్టి నా చావు దాకా చేరడానికి కాస్త టైం పట్టింది.

‘మా అమ్మమ్మ నన్ను బడికి తీసుకొస్తుంది. గేటు దగ్గర నిలబడుతుంది. బెల్లు కొట్టినా పోదు. ఒక రోజు జ్వరం వచ్చి చచ్చిపోయింది.’

కింద ఎర్రటి స్టార్.

“రెండు రోజులన్నా మంచాన పడలేదేమిటి నేను?” అన్నాను.

పక్క కాగితంలో ఎవరి కుక్కో లారీ కింద పడింది. ఆ పక్కన ఒక మేనమామ నూతిలో పడ్డాడు. ఇంకో కాగితంలో కుండీలో మొక్కని కూడా బతకనివ్వలేదు.

“ఈ గదిలో అంటువ్యాధి ఏమన్నా ఉందా టీచరమ్మా?”

ఆవిడ పిల్లల బెంచీ మీద కూలబడింది. “లేదమ్మా. వీళ్ళు ఒక్క వాక్యం రాసి పెన్సిల్ పడేస్తారు. అందుకని రాసిన ప్రతి వాక్యం దగ్గరా నేను ‘తర్వాత?’ అని అడుగుతాను. అలా అడిగి అడిగి నాలుగు వాక్యాల దాకా తీసుకొచ్చాను. నాకు అదే గొప్పగా ఉండేది.”

వెనక బెంచీ దగ్గర సంచీ సర్దుకుంటున్న పిడుగు తలెత్తింది. “ఎవరైనా చచ్చిపోతే టీచర్ ‘తర్వాత?’ అనరు అమ్మమ్మా. ‘అయ్యో’ అంటారు. స్టార్ ఇస్తారు.”

టీచరమ్మ గోడ మీది స్టార్లన్నీ ఒకసారి చూసుకుంది. “ఈ సంగతి అందరికీ తెలుసా?”

“అందరికీ. కళ్ళజోడుగాడు కనిపెట్టాడు. ముందు వాడే కుక్కని చంపాడు.”

తర్వాత నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. “అమ్మమ్మా, శనివారం అందరి అమ్మానాన్నలూ వస్తారు. నాది చదవమన్నారు. అప్పటిదాకా ఇంట్లోంచి బయటికి రాకు. చదివేశాక బతుకు.”

చంపినందుకు నాకు కోపం రాలేదు. ఈ వయసులో ఆ మాట వింటే ఉలిక్కిపడే ఓపిక కూడా ఉండదు. కానీ ఒక్క వాక్యంలో నన్ను సాగనంపి, పిల్ల ఆటకి పోయి ఉంటుంది. జన్మంతా గుమ్మాల్లో నిలబడి వెళ్ళేవాళ్ళ వీపులు చూసినదాన్ని. నేను వెళ్ళేటప్పుడు ఇదైనా ఒకసారి తిరిగి చూస్తుందా లేదా? ఆ ఒక్కటీ తేలకుండా నాకు ఆ గదిలోంచి కాలు కదల్లేదు.

“సరే, పోయాను. తర్వాత?” అన్నాను.

“తర్వాతేముంది? చచ్చిపోయావుగా.”

“పోయింది నేను కదే, నువ్వు ఉన్నావు కదా. మర్నాడు బడి ఉంటుంది. తర్వాత?”

టీచరమ్మ ఓ తెల్ల కాగితం తెచ్చి దాని ముందు పెట్టింది. పిడుగు మూతి ముడుచుకుని కూర్చుంది. రాస్తూ పైకి చదవడం మొదలెట్టింది.

“తర్వాత అమ్మమ్మ మంచం నాకు ఇచ్చేశారు.”

“బాగుంది. తర్వాత?”

“తర్వాత టీవీ పెద్దగా పెట్టుకున్నాం. ఎవరూ తిట్టలేదు.”

“పెట్టుకోండి. తర్వాత?”

“తర్వాత నాన్న నన్ను బడిలో దింపాడు. దింపి వెళ్ళిపోయాడు.”

పెన్సిల్ నోట్లోకి పోయింది. టీచరమ్మ ఏదో అనబోతే చేత్తో ఆపాను. పిడుగు మళ్ళీ కాగితం మీదకి వంగింది.

“తర్వాత నేను కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. లెక్కలప్పుడు మళ్ళీ చూశాను. అప్పుడూ ఒక్కడే ఉన్నాడు...” ఆగి నావైపు తిరిగింది. “ఎన్నిసార్లు చూశానో అన్నీ రాయాలా?”

“నువ్వు రోజూ చూస్తావుటే?”

“చూడొద్దూ మరి? బెల్లు కొట్టినా పోవుగా నువ్వు. ఎండలో పడిపోయావేమోనని చూస్తాను.”

కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నాను. కళ్ళజోడే, ఇంకేం కాదు.

పిడుగు విసురుగా కాగితం పక్కకి తోసేసింది. “ఇది ఇప్పట్లో అయ్యేలా లేదు టీచర్. అమ్మమ్మా, నువ్వు చచ్చిపోతే నాకు బోలెడంత రాత పని. బతికేసెయ్.”

“సరే” అన్నాను.

“రేపటినుంచి చచ్చిపోయినా అడుగుతాను, ‘తర్వాత?’ అని” అంది టీచరమ్మ.

“అయితే కళ్ళజోడుగాడి పని అయిపోయింది” అని పిడుగు బెంచీ ఎక్కి గోడ మీది కాగితం పీకేసింది. ‘చచ్చిపోయింది’ అన్న మాటని రబ్బరుతో పళ్ళు బిగించి రుద్దింది. నేను అంత తేలిగ్గా పోయినా అంత తేలిగ్గా తిరిగి రాలేదు, కాగితం చిరిగింది. టీచరమ్మ చిరుగు మీద టేపు అంటించింది. ఆ టేపు మీద పెన్సిల్ సరిగ్గా పడక, పిడుగు రెండుసార్లు దిద్ది మరీ రాసింది: ‘తగ్గింది.’

“శనివారం నువ్వు తప్పకుండా రావాలి” అంది సంచీ నా భుజాన తగిలిస్తూ. “ముందు వరసలో కూర్చో. లేకపోతే తగ్గిందంటే ఎవరూ నమ్మరు.”