తెల్లటి అవక్షేపం

రియాక్టెంటుకీ రియేజెంటుకీ తేడా ఏమిటని కుసుమకుమారిని ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న జూనియర్ కాలేజీలో ఆమె కెమిస్ట్రీ లెక్చరర్. ఈసారి అడిగింది సీనియర్ ఇంటర్ చదివే శ్రీసత్య.

“చర్యలో పాల్గొని మారిపోయేవన్నీ రియాక్టెంట్లేనమ్మా. వాటిలో మనం కావాలని, ఫలానా పనికోసమని కలిపేదాన్ని రియేజెంట్ అంటాం. లోపల ఏముందో తెలియని నీళ్ళున్నాయనుకో. ఉప్పుందేమో చూడాలని సిల్వర్ నైట్రేట్ వేస్తాం. అది రియేజెంట్. ఉప్పుంటే రెండూ కలిసి తెల్లగా విరుగుతాయి. అప్పుడు రెండూ రియాక్టెంట్లే.”

శ్రీసత్య సంచిలోంచి ఒక కూల్‌డ్రింకు సీసా తీసి బల్ల మీద పెట్టింది. అందులో లేత పసుపు రంగు నీళ్ళున్నాయి.

“పరవాడ మందుల ఫ్యాక్టరీల పక్కన మా అమ్మమ్మ వాళ్ళ ఊరి బోరు నీళ్ళు మేడమ్. అన్నం వండితే మందుల వాసన. ఇవి తాగీ తాగీ అమ్మమ్మకి కిడ్నీలు పోయాయి. ఇందులో ఏటుందో సూద్దాం మేడమ్.”

కుసుమకుమారి కాదనలేకపోయింది. పరీక్షనాళికలో కాసిని నీళ్ళు పోసి, నైట్రిక్ ఆమ్లం చుక్కలు కలిపి, పైనుంచి సిల్వర్ నైట్రేట్ వేసింది. నీళ్ళు విరిగిన పాలలా తెల్లగా ముద్దకట్టాయి.

“దొరికింది మేడమ్!” అని శ్రీసత్య కేక పెట్టింది.

కుసుమకుమారి ఇంకో నాళికలో ల్యాబు కుళాయి నీళ్ళు పట్టి అదే పరీక్ష చేసింది. అందులోనూ పల్చగా తెల్లటి మసక కమ్మింది.

“ఇది ఉప్పమ్మా. సముద్రం దగ్గర బోరుల్లో ఎక్కువే ఉంటుంది. ఈ మందు చెప్పగలిగేది అంతవరకే.”

“మరి విషానికి ఏ రియేజెంట్ వెయ్యాలి?”

“ఏ విషమని వెతుకుతాం? దేనికి దాని పరీక్షే ఉంటుంది. ఫ్యాక్టరీల ద్రావకాలు పట్టుకోవాలంటే పెద్ద యంత్రాలు కావాలి. మన దగ్గర లేవు.”

శ్రీసత్య వినలేదు. ఆ వారమంతా క్లాసులయ్యాక ల్యాబులోనే ఉండి, అలమరలో ఉన్న ప్రతి సీసాలోంచీ ఆ నీళ్ళలో వేసి చూసింది. కొన్నిటికి నీళ్ళు తెల్లబడ్డాయి, కొన్నిటికి ఏమీ కాలేదు. ఆమె తెలుసుకోవాలనుకున్నది మాత్రం ఒక్కటీ చెప్పలేదు. ఆపమని చెప్పడానికి కుసుమకుమారికి నోరు రాలేదు. నీటి పరీక్షలు చేసే ఆఫీసులో తెలిసినాయనకి ఫోన్ మీద ఫోన్ చేసి, ఎవరో తెచ్చిన సీసా లెక్కలోకి రాదంటే, ఆ ఊరికే మనుషుల్ని పంపేలా ఒప్పించింది.

వాళ్ళు వచ్చే రోజు శ్రీసత్య కాలేజీ మానేసి బస్సెక్కింది. ఊరికి చేరేసరికి ఆఫీసువాళ్ళ జీపు వెళ్ళిపోతోంది. ఊరి మొదట్లో ఫ్యాక్టరీవాళ్ళు కట్టించిన మంచినీళ్ళ ట్యాంకు దగ్గర ఆమె మేనమామ తవిటయ్య నిలబడి ఉన్నాడు. ఆ ఫ్యాక్టరీలోనే అతను కాంట్రాక్టు కూలీ.

“ఏ నీళ్ళు పట్టించావు మావయ్యా?”

“ఈ ట్యాంకువే.”

ఆ ట్యాంకు నిండేది ఎప్పుడో ఒకసారి. నిండినా, ఊరి చివర ఉండే అమ్మమ్మ బిందె పట్టుకుని వచ్చేసరికి కుళాయి ఆగిపోతుంది.

“బోరు ఎందుకు సూపించలేదు?”

“సూపిత్తే రేపు గేటు కాడ నా పాసు లాగేత్తారు. ఉన్న బూవి ఫ్యాక్టరీ కింద ఎప్పుడో పోయింది. ఈ డూటీ కూడా పోతే ఏటి తినాల? పిల్లలకి నువ్వు పెడతావేటి?”

“అమ్మమ్మ సచ్చిపోద్ది మావయ్యా.”

“నాకు తెల్దేటే? నన్ను కన్న తల్లి కాదేటి?” అని అరిచి, అక్కడే ట్యాంకు గట్టు మీద కూలబడి మొహం తువ్వాల్లో దాచుకున్నాడు.

నీళ్ళు బాగున్నాయని ఆఫీసు తేల్చింది. కుసుమకుమారి మళ్ళీ ఫోన్ చేస్తే, ఒకసారి చూసిన ఊరికి మళ్ళీ మనుషుల్ని పంపడం కుదరదన్నారు. ఆ మాట చెప్పినప్పుడు శ్రీసత్య తలూపింది. ల్యాబుకి వస్తూనే ఉంది గాని, మళ్ళీ ఏ ప్రశ్నా అడగలేదు.

ఆదివారాలు మాత్రం కంచరపాలెంలో మినరల్ వాటర్ క్యాను నింపించుకుని, బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని ఊరికి మోసుకెళ్ళడం మొదలుపెట్టింది. అమ్మమ్మ గురువమ్మ ఆ క్యాను చూసి మురిసిపోయేది. వాచిన చేతులతో మనవరాలి బుగ్గలు నిమిరేది.

ఒక ఆదివారం శ్రీసత్య చెప్పకుండా పెందలాడే వెళ్ళింది. గురువమ్మ పెరట్లో ఉంది. మిగిలిన క్యాను నీళ్ళు తొట్టిలో పోసి, సూడిగేదెను తాడు పట్టి అక్కడికి లాగుతోంది.

“అమ్మమ్మా! ఏటి సేత్తన్నావ్?”

గురువమ్మ ఉలిక్కిపడింది. తర్వాత నెమ్మదిగా అంది: “పోయినసారి దూడ కడుపులోనే పోయిందే. నాను ముసిల్దాన్ని, ఏ నీళ్ళు తాగితే ఏటి? ఇది నోరు లేంది. దీనికి దాహం ఆగదు.”

“నీకని కదా తెత్తన్నాను!”

“తెత్తన్నావు, తల్లీ. తెత్తన్నావు.”

గేదె తొట్టిలో మూతి పెట్టి తాగడం మొదలెట్టింది. గురువమ్మ బోరు దగ్గరకి వెళ్ళి కొట్టింది. పసుపు నీళ్ళు చెంబులోకి దూకాయి. ఆమె వాసన చూడలేదు, రంగు చూడలేదు. తల వెనక్కి వంచి గటగటా తాగింది.

శ్రీసత్య ఆపలేదు. నిండు క్యాను గుమ్మంలో దించి, దాని పక్కనే కూర్చుంది.