పైపు పక్కన క్యాబేజీ గొయ్యి

కరెంటు పోయి నాలుగు గంటలు ఆగిన పంపు మళ్ళీ తిరుగుతోంది గానీ, అవతలి స్టేషనుకు చుక్క చమురు చేరలేదు. చైనాలోని ఈ డాచింగ్ బావుల చమురు వేడిగా ఉన్నంతసేపే పారుతుంది. చల్లబడితే అందులోని మైనం పేరుకుని, పేరిన నెయ్యిలా బిగుసుకుపోతుంది. బయట సున్నాకు ముప్పై డిగ్రీల కింద చలి. ఒకచోట పట్టేసిన గడ్డను పొద్దుగూకే లోపల కదిలించకపోతే, పన్నెండు కిలోమీటర్ల పైపూ పోయినట్టే.

"ఎక్కడని తవ్వేది?" అన్నాడు స్టేషను పెద్ద పాంగ్. "రోజూ పైపు వెంట నడిచేవాడివి నువ్వే కదా, కౌ బాబాయ్."

కౌ పీడనం మీటరు వైపు చూశాడు. చెబితే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు స్టేషనువాళ్ళిచ్చిన ఇల్లూ పోతుంది. మీటరు ముల్లు ఇంకో గీత దాటింది.

"ఏడో కిలోమీటరు రాయి దగ్గర."

"నీకెలా తెలుసు?"

"నా క్యాబేజీలు అక్కడున్నాయి."

ఎవరో నవ్వారు. "ఇప్పుడు కూరల గోలేంటి బాబాయ్?"

పాంగ్ నవ్వలేదు. చలికాలపు క్యాబేజీ దాచే గొయ్యి అందరూ పెరట్లో తవ్వుకుంటారు. కౌ పైపు పక్కన తవ్వాడు. ఆ వెచ్చదనానికి ఆకు గడ్డకట్టదని. చలి తగలకుండా పైపు మీద కప్పిన మన్ను సగం తీసేశాడు; చమురు ముందు బిగిసేది అక్కడే.

ట్రాక్టరు మీద మరిగిన నీళ్ళ పీపాలు వేసుకుని వెళ్ళారు. కౌ భార్య షియూ క్యాబేజీలన్నీ మంచులోకి విసిరేసి, పీపాల్లోని నీళ్ళు కెటిల్‌తో అందిస్తోంది. వాళ్ళింట్లో ఉన్న బొంతలన్నీ పైపుకు చుట్టారు.

"ఊరందరి గోతులూ ఒక ఎత్తు, మీ ఆయనది దొరల గొయ్యి," అన్నాడు పాంగ్.

"తిట్లు రేపు తిట్టుకో. నీళ్ళు పొయ్," అంది షియూ.

పోసిన నీళ్ళు కారుతూనే గడ్డకడుతున్నాయి. కౌ సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. మూట మీద కొట్టినట్టు మొద్దుచప్పుడు; లోపల ఇంకా గడ్డే.

పొద్దు వాలింది. పీడనం ఇంకొక్క గీత పెంచమని పాంగ్ స్టేషనుకు ఫోన్లో చెప్పి, అందర్నీ దూరం జరగమన్నాడు. కౌ గోతిలోంచి కదలలేదు.

"బయటికి రా బాబాయ్. పగిలితే చస్తావు."

"పగిలితే ఎక్కడని వెతుక్కునే పనుండదు. పెంచమను."

పైపు ఒక్కసారి మూలిగింది. తర్వాత ఏమీ లేదు. అరగంట చూసి పాంగ్ ఫోనెత్తాడు. "పంపు ఆపేయండి. పైపు పోయింది."

మనుషులు ట్రాక్టరు ఎక్కారు. కౌ మాత్రం పోస్తూనే ఉన్నాడు. కెటిల్ ఖాళీ అయింది. షియూ దాన్ని తీసుకుని, పీపా అడుగున మిగిలిన నీళ్ళు నింపి మళ్ళీ అతని చేతికిచ్చింది.