ఓబుళమ్మ వేగయాత్ర

మాఘము ముగియవచ్చి మంచు పలుచబడి ఎండ యింకను ముదురక చామంతితోటల పరిమళమును మోచికొని ప్రభాతపవనము మందమందముగా వీచుచుండ పినాకినీ దక్షిణతీరమున నాపరాతి గనుల నడుమ నూతనముగా నిర్మింపబడిన వేగపథము బాలభానుకిరణస్పర్శమున నల్లగా మెఱయుచు మేలుకొనుచుండెను. మెలికలు తిరిగిన యా బాట కిరువైపుల ఎఱుపు తెలుపు పట్టెలు దిద్దిన యంచులును మలుపుమలుపునకు దొంతరలుగా పేర్చిన పాతటైర్లును దూరమునుండి చూచువారికి పెండ్లిపందిటి యలంకారములను తలపించుచుండెను. నాటి దినమున నా పథము పందెగాండ్రకు గాక సామాన్యజనులకు తెఱవబడియుండెను. ఎదురువచ్చు లారీయు అడ్డమువచ్చు గేదెయు లేని చోట తమ బండి యెంత పరుగెత్తునో తాము దాని నెంత తోలగలరో తెలిసికొన గోరువారెల్లరు సొంతకార్లతో నచ్చట చేరియుండిరి.

నేలబారున సాగి నిగనిగలాడు నా మెఱుపుబండ్ల వరుసలోనికి నెత్తిమీద పసుపుపచ్చని బోర్డు మోయుచు ఒక చిన్న తెల్లకారు అత్తవారింట తొలియడుగు పెట్టు కొత్తకోడలివలె సంకోచించుచు వచ్చి నిలిచెను. బోర్డుపై 'ఓబుళమ్మ డ్రైవింగు స్కూలు, తాడిపత్రి' అని వ్రాసియుండెను. దానిని చదివి ఎఱ్ఱకారుపై నానుకొనియున్న యువకులు పకపక నవ్విరి. నవ్వరా మఱి! సింహముల సంతకు మేకపిల్ల వచ్చిన నెవరికి నవ్వు రాదు?

బండి దిగిన యా స్త్రీయే ఓబుళమ్మ. ఏబదియేండ్లు పైబడినను నిటారైన మేనును సూటియైన చూపును గల యామె తాడిపత్రిలో సగము ఊరికి కారు నేర్పిన గురువు. ఆమె బండి చీమకును దారి విడుచునని ఊరివారు వేడుకకు చెప్పుకొనుచుందురు. కాని యా గురుస్థానమున నొక విచిత్రమైన బంధనము కలదు. శిష్యుడు కుడివైపున కూర్చుండి తోలుచుండ గురువు ఎడమవైపున కూర్చుండి తన పాదముక్రింద ప్రత్యేకముగా నమర్చిన రెండవ బ్రేకును కాచుకొనియుండవలెను. పగలెల్ల శిష్యులు ప్రక్కనుందురు. సాయంకాలమున తానే తోలుకొని యింటికి పోవునప్పుడు మగడు పుల్లయ్య ప్రక్కనుండును. కారు నేర్చిన నాటినుండి నేటివఱకు ఓబుళమ్మ ఒక్కమారైనను ఒంటరిగా బండి తోలి యెఱుగదు. ఒరుల వేగము నాపుటయందే తన జన్మము గడచిపోవుచున్నదని ఆమె మనసున చాలకాలముగా నొక ముల్లు గ్రుచ్చుకొనియుండెను.

వేగపథమును గుఱించి వినిన నాడే యామె పోవ నిశ్చయించెను. ఉట్టి కెగురలేనమ్మ స్వర్గమున కెగురునట అని ఇరుగుపొరుగులు మూతులు విఱిచిరి. అచ్చటి నియమము నామె యెఱుగును. ఉదయమున అనుభవశాలియైన ఆచార్యు డొకడు ప్రక్కన కూర్చుండి పరీక్షించును. అతడు తృప్తిపడిననే మధ్యాహ్నమున ఒంటరిగా తోల ననుమతి లభించును. ఆ ఒంటరి పరుగు కొఱకే యామె వచ్చెను. తక్కినదెల్ల ఆమెకు పూచికపుల్లతో సమానము.

నూలుబట్టలు పొడవుచేతులతో ధరింపవలెననియు పలుచని అడుగుగల మూసిన బూట్లు తొడుగవలెననియు త్రాగునీరు సమృద్ధిగా తెచ్చుకొనవలెననియు కారులో కదలు వస్తువేదియు నుండరాదనియు ముందుగనే ఫోనున సందేశము వచ్చియుండెను. పుల్లయ్య దానిని బిగ్గఱగా చదివి వినిపించెను.

"తొలిసారి ఒక మంచిపనికి పోతా పాతగుడ్డలు కట్టుకోమంటారేందయ్యా? వాళ్ళకు తెల్దులే" అని యామె కొట్టివైచెను.

కావున నాడు బ్రాహ్మీముహూర్తమున తలస్నానము చేసి తలకు నూనె దట్టముగా రాచి ధర్మవరపు పట్టుచీర కట్టి కొప్పునిండ కనకాంబరములు ముడిచి దిగ్విజయయాత్రకు వెడలు మహారాజ్ఞివలె వచ్చియుండెను. పుల్లయ్య తక్కువ తినలేదు. చిత్రాన్నమును తీయని ఓళిగలును చాపయు దిండును గొడుగును బండిలో నింపి పెండ్లికి పోవుచు పిల్లిని చంకబెట్టుకొనిన చందమున ఒక పూలకుండీనిగూడ తెచ్చెను. ఇంటివద్ద దానికి నీరు పోయువారు లేరట!

బండ్లను పరీక్షించు నధికారిణి షమీము కడపలో పుట్టి యంత్రములనడుమ పెరిగిన యువతి. ఆమె ఓబుళమ్మను ఆపాదమస్తకము చూచి నడుముపై చేతులుంచుకొనెను.

"ఏమక్కా, పెండ్లికి పోబోయి ఇట్లొచ్చినావా? ఈ కొంగు పెడలుకు చుట్టుకునిందంటే నిన్ను ఏ సామీ కాపాడలేడు. చీరతో లోపలికి పంపను. మాట అంటే మాటే."

ఓబుళమ్మ ముఖము వెలవెలబోయెను. హెల్మెట్టు తెచ్చి పెట్టిచూడగా కొప్పుపై నది దిగనే దిగలేదు. కొప్పు విప్పి పెట్టగా నూనెతల మీద చట్టిలోని గారెవలె గిఱ్ఱున తిరిగెను. ఎఱ్ఱకారు యువకులు మఱల నవ్విరి. ఇంత దూరము వచ్చి ఒక చీరకును ఒక గరిటెడు నూనెకును లోబడి వెనుదిరుగవలసి వచ్చెనే యని ఆమెకు కన్నులు చెమర్చెను. చెప్పిన మాట వినకపోతినే యని మగని మొగము చూడ సిగ్గుపడెను.

పుల్లయ్య ఒక్క మాటైనను దెప్పక సంచి విప్పెను. ఆయన ప్రభుత్వపు బస్సులలో కండక్టరుగా పనిచేసి విరమించినవాడు. ఉద్యోగము ముగిసినను ప్రయాణమనగనే ఇస్త్రీ ఖాకీజతను సంచియడుగున నుంచుకొను నలవాటు మాత్రము ఆయనను విడువలేదు. అది అచ్చమైన నూలు. పొడవైన చేతులు గలది. ఆ జతను భార్యచేతి కిచ్చి తన కాళ్ళనున్న పలుచని పాతకాన్వాసుబూట్లను విప్పి ఆమెముందుంచి తాను వట్టికాళ్ళతో నిలిచెను.

"తొడుక్కో మే. డ్యూటీ చేసిన గుడ్డలు అవి. మనిషిని నడిదారిలో యాడా దింపేసి రావు."

ఓబుళమ్మ ఖాకీ ధరించి వచ్చెను. షమీము తన నూలురుమాలును ఆమె తలకు బిగించి కట్టగా హెల్మెట్టు కుదురుకొనెను. అంతట కారును ఖాళీచేయు కార్యము సాగెను. నెత్తిమీది బోర్డు ఊడెను. నిమ్మకాయల దండయు నరసింహస్వామి ప్రతిమయు తమలపాకుల పెట్టెయు పూలకుండీయు దిగెను. టైర్లలో గాలి కొలిచిరి. భుజముపై పట్టుచీరయు ఒడిలో స్వామియు ప్రక్కన ఓళిగల డబ్బాయు నుంచుకొని పుల్లయ్య గొడుగునీడను చాపపై కొలువుతీరెను. అన్నియు దిగినవి కాని యొక్కటి మాత్రము దిగలేదు. ఎడమయాసనము ముందు నేలనున్న యా రెండవ బ్రేకు ఎవరి దృష్టికిని రాలేదు. ఓబుళమ్మకు అది వస్తువుగా తోచదు. చాలకాలముగా నది యామె పాదములో నొక వ్రేలు.

పైగా అలవాటు చొప్పున నామె పోయి ఎడమతలుపు తెఱచి ఎడమయాసనమున కూర్చుండెను! ఈమారు పుల్లయ్యయు నవ్వు నాపుకొనలేకపోయెను.

ఆచార్యుడు ప్రద్యుమ్నుడు నెల్లూరి యువకుడు. పందెములలో గెలిచినవాడు మృదుభాషి. అతడు ఎడమప్రక్కన కూర్చుండగా బండి కదలెను. సూటిబాటయందు ఓబుళమ్మ వేగమును పెంచగనే ముదుసలి యంత్రము గుఱ్ఱున నుత్సాహించెను. కాని మలుపు కనబడినంతనే కారు తనంతట తాను చతికిలబడెను. రెండవ మలుపునను అంతే. మూడవదానను అంతే. ఎఱ్ఱకారు వెనుకనుండి హారను మ్రోగించుచు దాటిపోయెను.

"అమ్మా, మీరు మలుపుకి చాలా ముందే బ్రేకు వేసేస్తున్నారు. భయం పోలేదండీ ఇంకా. ఇట్లా అయితే మిమ్మల్ని ఒంటరిగా పంపడం కుదరదు" అని ప్రద్యుమ్నుడు నొచ్చుకొనుచు పలికెను.

ఓబుళమ్మ విస్తుపోయెను. తన పాదము బ్రేకును తాకలేదే! ముసలితనమున తన కాలు తనకు తెలియకుండ పిఱికిదయ్యెనా? ఇంత కాలము బ్రేకుపై కాపుండి యుండి వేగమునకే పనికిరాకపోతినా? ఆ శంక యామెను లోలోపల కోసివైచెను. అయినను మఱుసటి మలుపున కన్ను బాటపైనుంచి మనసును పాదమునం దుంచెను. అప్పుడు తెలిసెను. ఆమె త్రొక్కకముందే ఆమె బ్రేకు తనంతట తాను క్రిందికి దిగిపోవుచుండెను. ఈ విద్య యామెకు క్రొత్తదా? రెండు బ్రేకులును ఒకే కడ్డీకి కట్టుబడినవి. ఒకటి దిగిన రెండవది దిగును.

ఆమె బండిని ప్రక్కకు తీసి యాపెను.

"సామీ, కోపం చేసుకోవాకు. నీ కాలు యాడుందో ఒక్కసారి చూసుకో."

ప్రద్యుమ్నుడు వంగి చూచెను. కాలు మోపుకొను పీట యని తలచి మలుపు మలుపునకు తాను తన్నిపట్టినది బ్రేకని యెఱిగి ఆ పందెపువీరుడు చెవులవఱకు ఎఱ్ఱబడెను.

"అయ్యో! భయం మీది కాదమ్మా, నాది."

"నీ తప్పేముంది నాయనా? ఆ సీటు మహిమ అది. నేనూ అంతే చేస్తాంటి" అని యామె కడుపుబ్బ నవ్వెను. కాని నవ్వు నడుమనే యామెకు తన శిష్యులు తలపునకు వచ్చిరి. నాకు చేతకాదు మేడమని కన్నీరు పెట్టుకొని పోయినవారిలో ఎందఱి కాలు మంచిదో, ఎందఱి బ్రేకు తనదో!

షమీమువద్ద పానా యెరవు తీసికొని ఖాకీచేతులు మడిచి ఓబుళమ్మ బండిలోనికి దూరి ఆ రెండవ బ్రేకును తానే ఊడదీసి తెచ్చి మగని యొడిలో స్వామిప్రక్కన నుంచెను. పుల్లయ్య బిత్తరపోయి దానిని బిడ్డనువలె పట్టుకొనెను. మధ్యాహ్నమున ప్రద్యుమ్నుడు మఱల పరీక్షకు కూర్చుండెను. తొలిమలుపున నాతని కాలు వట్టినేలను తన్నెను. రెండవ మలుపున సగము లేచి ఆగెను. ఆపై నాతడు రెండు కాళ్ళను ముడుచుకొని కిటికీగుండ చామంతితోటలను చూడసాగెను. మలుపున సరిగా నెంత వలయునో అంతయే త్రొక్కి ఆమె బండిని తీవెవలె త్రిప్పుచుండెను. చుట్టు ముగియగనే యాతడు దిగి తలుపు మూసి వంగి నమస్కరించెను.

"పోయి రండమ్మా. ఇక నాతో పని లేదు."

ఎడమయాసనము ఖాళీ అయ్యెను. ఓబుళమ్మ దానివంక చూచెను. అప్పుడు చాపమీదినుండి వట్టికాళ్ళతో లేచి, యెన్నియో బస్సులను ఎన్నియో యూళ్ళకు పంపిన యా పాతగొంతుతో, పుల్లయ్య వేగపథము మాఱుమ్రోగునట్లు కేకవేసెను.

"రైట్! రైట్!"

ఇక నేమని చెప్పుదును! బాణము వింటిని వీడెను. ఒరుల కొఱకు దాచి దాచి మూటగట్టిన వేగమంతయు నొక్కమారుగా విప్పినట్లు ఆ చిన్న తెల్లకారు గనుల ప్రతిధ్వనులను లేపుచు సూటిబాటను మ్రింగుచు మలుపులను ఒడిసిపట్టుచు ఎఱుపుతెలుపు అంచులను ముద్దాడుచు పరుగెత్తెను. లోపల ఓబుళమ్మ పెద్దగా నవ్వుచుండెను ఏడ్చుచుండెను తన బండిని తానే పేరుపెట్టి పొగడుచుండెను. వినుటకు ప్రక్కన నెవ్వరును లేరు. ఎఱ్ఱకారు ముందు కనబడెను. మలుపున నది తడబడి అవసరము లేని బ్రేకు త్రొక్కగా నీమె బండి దాని వెన్నంటెను. యువకుడు అద్దమున చూచి నవ్వక చేయి చాచి దారియిచ్చెను. దాటుచుండగా నాతడు పెట్టిన నమస్కారమును గురువుగారు తల యూచి స్వీకరించిరి.

ఆమె తిరిగివచ్చి హెల్మెట్టు తీసినప్పుడు రుమాలు తడిసి చెమటతో నూనె చెక్కిళ్ళపై జాఱుచుండెను. పట్టుచీర కట్టినను అంత శోభ రాదు. పుల్లయ్య ఓళిగ నందించెను. ఆమె నిలుచుండియే తినెను.

మఱునాడు తాడిపత్రిలో ఆ రెండవ బ్రేకు మఱల తన చోటునకు వచ్చెను. చట్టము విడువదు కదా. చాల దినములుగా నేర్చుచు ఇంకను వణకుచున్న భాగీరథి యను శిష్యురాలు నిర్జనమైన గనులబాటపై బండి నాపి దిక్కుతోచక ప్రక్కకు చూచెను. గురువుగారు ఎడమయాసనమున బాసింపట్టు వేసికొని కూర్చుండియుండిరి.

"మేడమ్, మీ కాలు బ్రేకు మీద లేదే!"

"నా కాలు నా కాడనే ఉందిలే. నీ కాలు నీ కాడ ఉందా? ఉంటే పో మే. రైట్, రైట్."

భాగీరథి ముందునకు చూచెను. బండి మెల్లగా కదలి పిదప వడివడిగా సాగి పినాకిని వైపు పోవు బాటపై తెల్లని చుక్కయై మెఱసెను.