ఎదురు గుంజొద్దు

మా ఆయన ధ్యానం మొదలుపెట్టిన రోజు నుంచి మా బీరంగూడ ఇంట్లో ప్రశాంతత కరువైంది. కుక్కర్ కూత పెట్టకూడదు, ఫ్యాన్ కిర్రుమనకూడదు. పక్కింటివాళ్లు తుమ్మినా నన్నే గుర్రుగా చూస్తాడు.

అంజయ్య ఆయన పేరు. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా క్రేన్ నడుపుతున్నాడు. మొన్నటి పరీక్షలో బీపీ బాగా ఎక్కువొచ్చింది. సోమవారం మళ్లీ చూస్తారట. అప్పటికీ తగ్గకపోతే క్రేన్ దించి స్టోర్‌లో కూర్చోబెడతారట. డాక్టరు మందుబిళ్లలిచ్చి, రోజూ ఇరవై నిమిషాలు ధ్యానం చెయ్యమన్నాడు. ఈయన గంటన్నర చేస్తున్నాడు. పళ్లు బిగించి, పిడికిళ్లు బిగించి, చెమటలు కక్కుతూ. అది ధ్యానమో కుస్తీయో చూసేవాళ్లకు తెలియదు.

శనివారం పొద్దున నాకు ఒళ్లు మండింది.

"ఏందయ్యా గది? ఎవలతోని కొట్లాడుతున్నవ్?"

"ఆలోచనలే! ఆగాలె, ఆగాలె అని ఎంత నూకినా మల్ల మల్లొస్తున్నయ్."

"క్రేన్‌కు కట్టిన లోడు ఊగితే ఏం జేస్తవ్?"

ఆ పాఠం నాకూ కంఠతా వచ్చు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈయన ఫోన్లో అదే చెబుతాడు.

"ఎదురు గుంజొద్దు. గుంజితే ఇంకింత ఊగుతది. అట్లని చేతులిడిచి కూసోవద్దు. అది ఎటు పోతే క్రేన్‌ను గటే జెర నడపాలె. లోడు మీదికి రాంగనే నిలవడ్తది" అన్నాడు గడగడా.

"మరి ఇంట్ల ఎందుకు గుంజుతున్నవ్?"

ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఈసారి పిడికిళ్లు విప్పే ఉన్నాయి.

సోమవారం సాయంత్రం ఫిట్ అని రాసిన కాగితం పట్టుకొచ్చాడు. ముఖంలో మాత్రం సంతోషం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది.

"చేతికి బీపీ పట్టీ కట్టంగనే భయమైంది లక్ష్మీ. ఆ భయాన్ని నూకలే. అది ఎటు వోతే దాని వెంటనే వోయిన."

"ఏడికి వోయింది?"

"నీ దగ్గర్కే. గంత పైన కూసున్నోన్ని, కింద స్టోర్‌ల డబ్బాలు సదురుకుంట ఉంటే ఇగ నీ కంటికి ఆనుతనా అని."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. ఆ ఫ్యాక్టరీ గేటు లోపలికి ఇంటివాళ్లను రానివ్వరు.

"పిచ్చి మనిషీ! ఇరవై రెండేండ్లల్ల నిన్ను క్రేన్ మీద నేను ఒక్కసారన్న సూసిన్నా?"